నిర్దుఃఖ ధ్రువపత్రం

మా కొత్తమెరకపాలెం హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా నేను డ్రిల్లు మాస్టారిని. పేరు సూరపరాజు. నా ఉద్యోగానికి కాగితాల్లో ఇంకేదో పొడుగాటి పేరుంది గానీ, ఊళ్లో ఎవరూ దాన్ని వాడరు. నాకు తెలిసిన విద్య ఒకటే. సాయంత్రం చివరి పీరియడ్లో పిల్లల్ని గ్రౌండులోకి వదిలి, విజిలు నోట్లో పెట్టుకుని, వాళ్లు చెమటలు కారేలా పరిగెడుతుంటే చూడ్డం. ఇంటికెళ్లేటప్పుడు ఒక్కడి మొహంలోనూ దిగులుండేది కాదు. దాన్ని కొలిచి రాసిపెట్టాలని మాత్రం నాకెప్పుడూ తోచలేదండి. తప్పు నాదే.

జూన్లో బళ్లు తెరిచిన వారానికి పైనుంచి కాగితం వచ్చింది. ఉన్నత పాఠశాలల విద్యార్థులలో మానసిక శ్రేయస్సు కొరవడుతున్నట్లు దృష్టికి వచ్చియున్నందున, బడి రోజులలోనూ సెలవులలోనూ సదరు శ్రేయస్సును కాపాడుటకు, ప్రతి పాఠశాలలో రోజుకొక పీరియడు 'ఆనంద వేళ'గా పాటించవలెనని అందులో ఉంది. హెడ్మాస్టారు భీమశంకరం గారు స్టాఫు రూములో దాన్ని రెండుసార్లు చదివారు. మంచి మనిషేనండి, రిటైర్మెంటుకి రెండేళ్లుంది, పైనుంచి కాగితం వచ్చిందంటే చాలు కాళ్లూ చేతులూ ఆడవు.

"పీరియడు ఎక్కణ్ణుంచి తెద్దాం?" అన్నారు.

లెక్కల మాస్టారు పుస్తకం తిరగేశాడు. సైన్సు టీచరు కిటికీలోంచి చూసింది. అందరూ కలిసి చివరికి నా వంక చూశారు.

"సూరపరాజు గారూ, మీ పీరియడ్లో ఎలాగూ పాఠం ఏమీ ఉండదు కదండీ," అన్నారు హెడ్మాస్టారు.

అలా ఆటల పీరియడ్ తీసేసి పిల్లలకి ఆనందం పెట్టారు. పీరియడు నాది కాబట్టి ఆ ఆనందానికి నన్నే శ్రేయో సమన్వయకర్తని చేశారు. విజిలు తీసుకుని బీరువాలో పెట్టి, రిజిస్టరు చేతికిచ్చారు.

పద్ధతి తేలికే. పొద్దున్న ప్రార్థన కాగానే పిల్లలు వరసగా నా బల్ల దగ్గరకి రావాలి. పళ్లెంలో మూడు రంగుల బిళ్లలుంటాయి. ఆనందంగా ఉంటే ఆకుపచ్చది, ఫర్వాలేదనుకుంటే పసుపుది, దుఃఖంగా ఉంటే ఎర్రది తీసి డబ్బాలో వెయ్యాలి. నేను రోల్ నంబరుకెదురుగా రంగు రాసుకోవాలి. బిళ్లలెక్కడివీ అంటే, నా ఆటల గదిలో పదకొండు సెట్ల క్యారంబోర్డు కాయిన్లున్నాయి, వాటికి పెయింటు కొట్టించారు. క్యారంబోర్డుల్ని ఒకదాని మీదొకటి పేర్చి, వాటి మీద రిజిస్టరు పెట్టుకునేవాణ్ణి. బిళ్లలు చాలనప్పుడు డబ్బాలోవి మళ్లీ పళ్లెంలో పోసేవాణ్ణి. డబ్బా మాత్రం పాతదే. వెనకటి ఫిర్యాదుల పెట్టె. తాళం పగలగొట్టి చూస్తే లోపల తొమ్మిదేళ్ల కిందటి చీటీ ఒకటుంది, మంచినీళ్లు రావట్లేదని. ఎవరో పిల్లాడు ముచ్చటగా రాశాడు. వాడికీపాటికి పెళ్లయుంటుంది.

మొదటి రోజు ముప్పై ఒక్క ఎర్ర బిళ్లలు పడ్డాయి. పెన్ను పోయిందని ఒకడు, కుక్క చచ్చిపోయిందని ఒకత్తి, ఎరుపు రంగు బాగుందని ఇంకోడు. ఒక్కో ఎర్ర బిళ్లకీ ఎనిమిది పేజీల ఫారం నింపి మూడేసి కాపీలు పంపాలి. సాయంత్రం ఏడింటిదాకా కూర్చుని నింపాం. మర్నాడు ప్రార్థనలో హెడ్మాస్టారు మైకు పట్టుకున్నారు.

"పిల్లలూ! మన బడి ఆనందంగా ఉండాలి. ఎవరి మనసులో ఏముందో నిర్భయంగా చెప్పండి. ఎర్ర బిళ్ల వేసినవాడికి మాత్రం వీపు విమానం మోత మోగిపోద్ది."

ఆ రోజు నాలుగు వందల పన్నెండు మందిలో నాలుగు వందల పదకొండు మంది ఆకుపచ్చ వేశారు. ఒక్కత్తి మాత్రం ఎరుపు వేసింది.

ఆ ఒక్కత్తీ నూకరత్నం. ఎనిమిదో తరగతి బి సెక్షను. మా ఖోఖో జట్టులో ఆ పిల్ల పరుగు అందుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల నాలుగు హైస్కూళ్లలో లేరు. తండ్రి లేడు. తల్లి వీరవేణి కువైట్లో ఒకరింట్లో పనికి కుదిరింది, ముగ్గురు పిల్లల్ని చూసుకుంటుంది, వంట చేస్తుంది. వెళ్లి రెండేళ్లయింది. పిల్ల అమ్మమ్మ దగ్గరుంటోంది.

హెడ్మాస్టారు గదిలోకి పిలిచారు. నేనూ ఉన్నాను.

"ఏమ్మా, పొద్దున్న చెప్పింది వినలేదా?"

"విన్నానండి."

"మరెందుకేశావ్ ఎర్రది?"

"మనసెలాగుందో అలాగే వెయ్యమన్నారు కదండీ. మా అమ్మ గుర్తొచ్చిందండి."

"రోజూ గుర్తొస్తుందా?"

"రోజూ రాదండి. ఆదివారాలు ఫోన్ చేస్తాదండి. మంగళవారం దాకా బాగానే ఉంటదండి. బుధవారం నించి..."

ఫారంలో 'దుఃఖ కారణము' అని ఒక గడి ఉంది. ఆకలి, అనారోగ్యము, పరీక్ష, కలహము, ఇతరములు. అమ్మ అన్న గడి లేదు. నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాను. ఇక ప్రతి బుధ, గురు, శుక్రవారాల్లో ఆ పిల్ల ఎర్ర బిళ్ల వెయ్యడం, నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టడం మామూలైపోయింది. తిట్టి మానిపించొచ్చు. నాకు నోరు రాలేదండి. బడి మొత్తం మీద చెప్పిన మాట ప్రకారం నడుచుకుంటున్నది అదొక్కత్తే.

ఆగస్టులో జిల్లా శ్రేయో పర్యవేక్షణాధికారి పసుమర్తి ఉదయభాస్కర్ గారు తనిఖీకొచ్చారు. తెల్ల చొక్కా, జేబులో మూడు రంగుల పెన్నులు. రిజిస్టరు తిరగేసి కళ్లజోడు తీసేశారు.

"నాలుగు వందల పదకొండు మంది నిరంతరాయంగా ఆనందంగా ఉన్నారా?"

"చిత్తం. అంతా మీ దయ," అన్నారు హెడ్మాస్టారు.

"ఇది అసాధారణం. శాస్త్రరీత్యా ఈ వయసు బాలబాలికలలో పదింట ఒక వంతు దుఃఖం ఉండి తీరాలి. మీ పాఠశాలలో దుఃఖం లేదనుకుంటే పొరపాటు. అది దాగి ఉన్నది. దానిని వెలికితీయవలసిన బాధ్యత మీ మీద ఉన్నది."

ఆయన చెప్పిందేమిటంటే, దసరా సెలవుల్లో పది రోజులు 'సెలవుల శ్రేయో శిబిరం' జరుగుతుంది. ప్రతి బడీ నలభై మంది దుఃఖితుల్ని చూపించాలి. పిల్లలు రాత్రింబగళ్లు బళ్లోనే ఉండాలి. ఎందుకంటే దుఃఖానికి మూలం చాలావరకు ఇల్లేనని తేలిందట, అంచేత ఇంటిగాలి సోకకూడదట. క్రీడా వినోద కార్యక్రమాలు విరివిగా ఉంటాయని మాత్రం కాగితంలో రాసుంది.

అక్కడే నేను దెబ్బతిన్నాను. క్రీడలు అన్న మాట చూసి నా ప్రాణం లేచొచ్చింది. సెలవుల్లో ఆ పిల్ల ముసలమ్మ పక్కన గుమ్మంలో కూర్చుని ఫోన్ వంక చూస్తూ గడపడం కన్నా ఇక్కడ ఖోఖో ఆడుకుంటే మేలు కదా అనుకున్నాను. నలభై గడుల జాబితాలో మొదటి పేరు నా చేత్తో నేనే రాశాను. నూకరత్నం, ఎనిమిది బి, చిరకాల ఎరుపు.

ఇంకా ముప్పై తొమ్మిది మంది దుఃఖితులు కావాలి. హెడ్మాస్టారు రెండు రోజులు ఆలోచించి, పదో తరగతిలో మొదటి ముప్పై తొమ్మిది ర్యాంకుల వాళ్లనీ రాసేశారు.

"పబ్లిక్ పరీక్షలున్నాయి కదండీ. దుఃఖం ఉండే ఉంటుంది. ఎలాగూ పది రోజులు ఇక్కడే ఉంటారు, సిలబసు కూడా ఒక చూపు చూసేస్తే సరి," అన్నారు.

ర్యాంకులవాళ్లకి స్పెషల్ క్లాసులట అని ఊళ్లో పాకిపోయింది. మర్నాటి నుంచి తలిదండ్రులు క్యూ కట్టారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మావోడు ఇంట్లో ఒకటే ఏడుపండి మాస్టారూ. ఆ ఆరో ర్యాంకోడి కంటే రెట్టింపు ఏడుస్తాడండి. కావాలంటే పిలిచి చూడండి, ఇప్పుడే ఏడిపిస్తాను," అన్నాడు. దుఃఖానికి వెయిటింగు లిస్టు పెట్టాల్సొచ్చింది. ఇరవై ఆరు మంది తేలారు.

సెప్టెంబరు మూడో వారంలో ఒక గురువారం నూకరత్నం పళ్లెంలోంచి ఆకుపచ్చ బిళ్ల తీసింది. గురువారం ఆకుపచ్చ! నేను తలెత్తి చూశాను. ఆ పిల్ల పళ్లన్నీ కనబడుతున్నాయి.

"మా అమ్మ వస్తందండి! దసరా సెలవులకేనండి! పది రోజులు ఉంటదంటండి! నాకు జడలేసి, నాతో పాటు పడుకుంటానందండి!"

రాస్తున్న పెన్ను ఆపి తేదీలు లెక్కేశాను. శిబిరం మొదలయ్యే రోజు పొద్దున్న దిగుతుంది. శిబిరం ముగిసే రోజు మధ్యాహ్నం బస్సెక్కుతుంది. మళ్లీ రెండేళ్లకి గానీ రాదు. ఆ పది రోజులూ ఈ పిల్లని గేటు లోపల పెట్టింది ఎవరూ? నేనే.

హెడ్మాస్టారి దగ్గరకి పరిగెత్తాను. ఆయన జాబితా పైకి పంపేశానని చేతులెత్తేశారు. మర్నాడు సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకి పోయాను. మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాక ఉదయభాస్కర్ గారు లోపలికి పిలిచారు.

"ఒక్క పేరు తీసెయ్యాలండి. నూకరత్నం. ఆ పిల్లకిప్పుడు దుఃఖం లేదండి. నిన్న గురువారమైనా ఆకుపచ్చే వేసిందండి."

ఆయన ఫైలు తెప్పించి గ్రాఫు చూశారు. మొహం గంభీరంగా అయిపోయింది.

"సమన్వయకర్త గారూ, ఇది మరింత ఆందోళనకరం. చిరకాల ఎరుపు విద్యార్థిని హఠాత్తుగా ఆకుపచ్చకు మారడాన్ని మేము ఆకస్మిక వర్ణ విచలనం అంటాము. ఈ పిల్ల నిరంతర పర్యవేక్షణలో ఉండవలెను."

"విచలనం కాదండీ బాబూ! వాళ్లమ్మ వస్తోందండి. ఆ పిల్ల ఏడుపే అమ్మ లేదని. అమ్మ వస్తే ఏడుపు పోతుంది కదండీ!"

"కారణం మా పరిధిలోకి రాదు. రంగు మాత్రమే మా పరిధి."

"పోనీ మినహాయింపివ్వండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"మాకు మాత్రం అభ్యంతరమేమున్నది? నిబంధన స్పష్టంగా ఉన్నది. నిర్దుఃఖ ధ్రువపత్రం సమర్పించిన విద్యార్థికి శిబిరం నుంచి మినహాయింపు కలదు."

"ఆ పత్రం ఎక్కడిస్తారండి? ఇప్పుడే పోయి తెస్తాను."

"శిబిరం పూర్తి చేసిన పిమ్మట, ముగింపు సభలో," అన్నారాయన. నవ్వలేదు. అది హాస్యమని ఆయనకి తెలీదండి.

శిబిరం మొదలైన రోజు పొద్దున్న తొమ్మిదింటికి వీరవేణి బడి గేటు దగ్గర దిగింది. సన్నగా, నల్లగా, పక్కన తాళ్లతో కట్టిన పెద్ద అట్టపెట్టె. ఇంటికెళ్తే పిల్ల లేదంటే అలాగే వచ్చేసింది. గేటు మీద బోర్డు వేలాడుతోంది. 'శిబిర కాలంలో తలిదండ్రులకు ప్రవేశం నిషిద్ధం.'

"మాస్టారూ, ఒక్కసారి చూసి పోతానండి," అంది గేటు ఊచలు పట్టుకుని. "అది పొడుగైందా అండి? పోనులో తల ఒకటే కనబడతాదండి."

నేను మొహం తిప్పుకున్నాను. సిగ్గేసింది. ఆ పేరు రాసింది నేనేనని చెప్పకుండానే లోపలికి నడిచాను.

హెడ్మాస్టారూ నేనూ గదిలో కూర్చుని నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాం. తల్లి రాకూడదు. తండ్రి రాకూడదు. సంరక్షకులు రాకూడదు. అప్పటికి వంట చేసే కాంతమ్మ పండక్కని ఊరెళ్లిపోయింది, నలభై మందికి వండేవాళ్లు లేక హెడ్మాస్టారు పొద్దున్నుంచీ తల పట్టుకునున్నారు. ఇద్దరం ఒకేసారి తలెత్తాం.

"వంటమనిషి రాకూడదని ఎక్కడా లేదు కదండీ?" అన్నాను.

"లేదు," అన్నారాయన, వేలు పుస్తకం మీద జరుపుతూ. "అయితే ఆవిడ వంటమనిషిగానే ఉండాలి. తల్లిలాగా మసలకూడదు. తనిఖీలో తెలిసిందంటే నా పెన్షన్ గోవిందా."

ఈ సంగతి వీరవేణికి నేను చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎంత మందికండి?" అని చెంగు బొడ్లో దోపుకుంది.

రెండేళ్లు పరాయి పిల్లలకి వండిపెట్టి, పది రోజులు సెలవు దొరికితే, ఆ పది రోజులూ నలభై మంది పరాయి పిల్లలకి వండిపెట్టడానికి వచ్చిందండి ఆ తల్లి. అందులో ఒకత్తి తనదని.

ఆ మధ్యాహ్నం వరసలో కంచం పట్టుకొచ్చిన నూకరత్నం గరిట పట్టుకున్న చేతిని చూసింది, మొహం చూసింది, కంచం జారవిడిచింది. అప్పుడే ఉదయభాస్కర్ గారు ప్రారంభోత్సవానికని వచ్చి, హెడ్మాస్టారి పక్కన నిలబడి పప్పు రుచి చూస్తున్నారు. నేను గబగబా వెళ్లి పిల్ల చెవిలో చెప్పాను. అది కంచం తీసుకుని మళ్లీ వరసలోకొచ్చింది. మా బళ్లో వంటావిడని పిల్లలందరూ ఆయమ్మ అనే పిలుస్తారు.

"ఆయమ్మా, ఇంకొంచెం పప్పు," అంది.

వీరవేణి వడ్డించింది. ఆ పిల్ల నాలుగుసార్లు వరసలో నిలబడింది. ఆకలి పెరగడం శుభసూచకమని ఉదయభాస్కర్ గారు డైరీలో రాసుకున్నారు.

పది రోజులూ అలాగే సాగాయి. క్రీడలు రద్దయ్యాయి, దెబ్బలు తగిలితే శ్రేయస్సు దెబ్బతింటుందని. నా ఖోఖో స్తంభాలు పీకి వేదికకి వాడారు. ఆరింటికి సామూహిక నవ్వు, ఏడింటికి మౌన ఆనందం, ఎనిమిది నుంచి త్రికోణమితి. నూకరత్నానికి పదో తరగతి లెక్కలు ఎలాగూ తెలీవు, అంచేత కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అక్కణ్ణించి చూస్తే వంటపాక కనబడుతుంది. జడలు మాత్రం వేయించుకోలేకపోయింది. కూరలు తరగడానికి సాయం చెయ్యమని నేను పంపినప్పుడు, వెనక బావి దగ్గర ఒక్కసారి తల దువ్వడం దొరికింది. సగం దువ్వేసరికి హెడ్మాస్టారు దగ్గారు. తనిఖీ జీపు వచ్చిందని దానర్థం.

విజయదశమి నాడు ఉదయభాస్కర్ గారు స్వయంగా 'కుటుంబ బంధాల ప్రాముఖ్యత' మీద గంటన్నర మాట్లాడారు. తల్లిని మించిన దైవం లేదన్నారు, ఆమె సన్నిధిలో గడిపే ప్రతి క్షణమూ అమూల్యమన్నారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత అందరికీ కాగితాలు పంచి 'మా అమ్మ' అనే అంశం మీద బొమ్మ గియ్యమన్నారు. ర్యాంకుల పిల్లలు చీర, బొట్టు, గాజులు, పక్కన పువ్వులు గీశారు. నూకరత్నం పెద్ద గుండిగ, పొగ, చేతిలో గరిట పట్టుకున్న మనిషిని గీసింది. చెంగు బొడ్లో దోపుకునుంది.

ఆయన ఆ కాగితం పైకెత్తి పట్టుకున్నారు.

"ఏమ్మా, ఇదేమిటి? అమ్మను గీయమంటే వంటమనిషిని గీశావు?"

పిల్ల నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను. వంటపాక గుమ్మంలో వీరవేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"తప్పైపోయిందండి," అంది నూకరత్నం.

ఆయన ఎర్ర పెన్ను తీసి కాగితం మూల రాశారు. 'అంశము నుండి వైదొలగినది. సున్న.'

ఆ పిల్ల అన్న మాట ఇప్పటికీ నాకు అరగదండి. ఇరవై రెండేళ్లు విజిలు ఊదినవాణ్ణి, ఆ రోజు ఒక్క మాట ఊదలేకపోయాను.

ఆఖరి రోజు ముగింపు సభ పదకొండింటికన్నారు, పూలదండలు రావడం ఆలస్యమై ఒంటిగంటకి మొదలైంది. వీరవేణి బస్సు ఒంటిగంటన్నరకి. పన్నెండింటికే వడ్డన ముగించి, గుండిగ తోమి బోర్లించి, చేతులు తుడుచుకుని, సభ మొదలవుతుండగా ఆవిడ బయల్దేరింది. పిల్లలందరూ వేదిక ముందు వరసల్లో కూర్చునున్నారు. మధ్యలో లేవకూడదు. గేటు దాకా వెళ్లి, ఒకసారి తిరిగి చూసి వెళ్లిపోయింది. నూకరత్నం కూర్చున్న చోటే మెడ తిప్పి చూసింది. చూస్తూనే ఉంది.

తరవాత ఒక్కొక్కరూ వేదికెక్కి చివరి బిళ్ల వెయ్యాలి. నా బల్లా, నా పళ్లెమూ వేదిక మీదకి వచ్చాయి. ముప్పై తొమ్మిది ఆకుపచ్చలు పడ్డాయి. నలభయ్యోది నూకరత్నం. ఆ పిల్ల చెయ్యి ఎర్ర బిళ్లల దగ్గరకి వెళ్లింది. ఒకటి తీసింది. గుప్పిట మూసింది. హెడ్మాస్టారు దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. ఆ పిల్ల రెండో చేత్తో ఆకుపచ్చ బిళ్ల తీసి డబ్బాలో వేసింది.

చప్పట్లు మోగిపోయాయి. ఉదయభాస్కర్ గారు లేచి నిలబడి, ఆ పిల్ల తల మీద చెయ్యేసి ఫోటో దిగి, నిర్దుఃఖ ధ్రువపత్రం చేతికిచ్చారు. చిరకాల ఎరుపు సైతం పది రోజులలో శాశ్వత ఆకుపచ్చ అయినందున, ఇకపై వేసవి సెలవులు మొత్తం శిబిరం జరుపుటకు ప్రతిపాదనలు పంపుతున్నట్లు ప్రకటించారు. నాకు శాలువా కప్పారు. ఎండకి అది ఒళ్లంతా దురదెత్తించింది.

సభయ్యాక పంపు దగ్గర పట్టుకున్నాను ఆ పిల్లని.

"ఆకుపచ్చ వేశావే?"

"ఎర్రది వేస్తే మళ్లీ మా అమ్మ వచ్చినప్పుడు కూడా ఉంచేస్తారు కదండీ."

"నిన్ను రాసింది నేనేనే అమ్మా. ఆటలుంటాయనుకున్నాను."

"తెలుసండి," అంది. "మీరు మంచికే రాసుంటారండి." మొహం కడుక్కుని ఇంటికెళ్లిపోయింది. కుడి గుప్పిట విప్పలేదు.

ఆ రోజు నుంచి నూకరత్నం బుధవారమైనా గురువారమైనా ఆకుపచ్చ తప్ప వెయ్యలేదు. మా బడి ఇప్పుడు జిల్లాలోకెల్లా ఆనందమైన బడి. నాలుగు వందల పన్నెండుకి నాలుగు వందల పన్నెండు.

పోయిన వారం నాకు మెమో వచ్చింది. శ్రేయో సామగ్రి తనిఖీలో ఎర్ర బిళ్ల ఒకటి తక్కువ వచ్చినందున, సదరు బిళ్ల ఎక్కడ ఉన్నదో మూడు రోజులలో సంజాయిషీ ఇచ్చుకోవలెను అని. ఎక్కడుందో నాకు తెలుసు. ఆ పిల్ల జామెట్రీ బాక్సులో, కువైట్ నంబరు రాసిన చీటీ కింద ఉంది. నా కళ్లతో చూశాను. బీరువాలోంచి విజిలు తీసి జేబులో వేసుకుని, బల్ల ముందు కూర్చుని, వాళ్ల భాషలోనే జవాబు రాశాను.

'సదరు ఎర్ర బిళ్ల ఈ పాఠశాలలో నిజాయితీగా వాడబడిన ఏకైక బిళ్ల అయి ఉన్నందున, వాడకంలో అరిగిపోయినదని ఇందుమూలముగా విన్నవించుకొనుచున్నాను.'